మందు కాగితం అట్ట వేసిన పుస్తకం

కెజిఎఫ్ వెళ్ళాలంటే మాలూరులో నేను రైలెక్కితే బంగారుపేటలో అక్క కలుస్తుంది. ఆమె కోలారు పక్కనున్న తమక నుంచి బస్సులో వస్తుంది, ఎప్పుడూ నాకంటే ముందే. ప్లాట్‌ఫారం మీద కుళాయి పక్క బెంచీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నేను దిగి పది అడుగులు వేయకముందే, "ఏమే, రైలు నువ్వే తోసుకోనొస్తివా?" అని గట్టిగా అడుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూస్తారు. అక్కకు డెబ్బయి రెండు, నాకు అరవై ఆరు. ఆమె కోలారులో నర్సుగా పనిచేసి రిటైరయింది. నేను బడిపంతులమ్మగా పనిచేస్తూ, మధ్య మధ్య కథలు రాస్తూ రిటైరయ్యాను. ఇద్దరికీ తీరిక దొరికాక మొదలైంది ఈ తిరుగుడు. కోలారులో పూల పల్లకీలు కట్టినా, మాలూరులో కరగ కుండ ఎత్తినా, కెజిఎఫ్‌లో చర్చి మాత పండగ వచ్చినా మేమిద్దరం వెళ్ళాల్సిందే. అక్కకు అక్కడ దొరికే తిండి ముఖ్యం. నాకు, పండగ పక్కన ఏదో ఒక మూల పరిచే పాత పుస్తకాలు ముఖ్యం. "దేముడి కంటే ముందు పాత పుస్తకాలకు మొక్కేదాన్ని నిన్నే చూసినా," అంటుంది అక్క, మసాలా పూరి ప్లేటు చేతిలో పట్టుకుని.

ఈసారి కెజిఎఫ్ మాత పండగకు బయలుదేరినప్పుడు నా మనసు పుస్తకాల మీద లేదు. నా జ్ఞాపకాల పుస్తకం అచ్చుకు సిద్ధమవుతోంది. నేను రాయడం ఎలా మొదలుపెట్టానో చెప్పమని ఎవరు అడిగినా ఇన్నేళ్ళుగా ఒకే కథ చెబుతూ వచ్చాను. చిన్నప్పుడు చర్చి పండగలో ఇంట్లో ఎవరూ చదవని పాత పుస్తకం ఒకటి ఇచ్చి, బదులుగా రంగు బొమ్మల పుస్తకం తెచ్చుకున్నానని, నా చదువంతా అక్కడే మొదలైందని చెప్పేదాన్ని. వినేవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ముందు వరసలో కూర్చున్న అక్క అందరికంటే గట్టిగా కొట్టేది. ఆ కథలో ఒక ముక్కను నేను ఎప్పుడూ మింగేస్తూ వచ్చాను. ఇప్పుడు దాన్ని రాశాను. కానీ ఆ సంగతి అక్క అచ్చులో చదివి తెలుసుకోవడం అన్యాయం. ముందు నా నోటితో చెప్పాలి. గడిచిన మూడు పండగలకూ ఆ మాట నోట్లో పెట్టుకుని వెళ్ళి, అలాగే వెనక్కి తెచ్చుకున్నాను. చెబితే అక్క నన్ను వదిలేస్తుందేమోనని భయం. మా ఆయన పోయాక నాకంటూ మిగిలిన మనిషి ఆమె ఒక్కతే.

మేము పుట్టి పెరిగింది కెజిఎఫ్ బంగారు గని పనివాళ్ళ లైన్లలో. ఒకే పొడవాటి రేకుల కప్పు కింద వరసగా ఇళ్ళు, ఇంటికొక గది, గది ముందు ఇద్దరు కూర్చుంటే నిండిపోయే వసారా. మా ఇంట్లో ముక్కు ఎగబీలిస్తే పక్కింటివాళ్ళు జలుబా అని అడిగేవాళ్ళు. మా నాయన దావీదు చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబంవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. పొద్దున గని కూత వినిపించేలోగా వెళ్ళిపోయి, మధ్యాహ్నం మూడవుతుండగా వచ్చేవాడు. ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చేది. తడిసిన దుంగల వాసన, కార్బైడు దీపం వాసన, చెమట, అన్నీ కలిసి ఒక్కటే అయిపోయి ఉండేది. అమ్మ నీళ్ళు తోడి, వీపు రుద్ది, సంగటి ముద్ద, ఆకుకూర సారు పెట్టేది. గంటసేపు పడుకుని లేచి టీ గ్లాసుతో వసారాలో కూర్చునేవాడు. టీ చల్లారిపోయి ఉన్నా మూడుసార్లు ఊదితే గాని తాగేవాడు కాదు. చెక్కన్నది కనిపిస్తే చాలు, వేళ్ళ కణుపులతో తట్టి చెవి ఒగ్గి వినేవాడు. లోపల పుచ్చిందా గట్టిగా ఉందా అని అలవాటు కొద్దీ చూడటమే. పూజ జరుగుతుండగా చర్చి బెంచీని తట్టి, అమ్మ చేత మోచేతి పోటు తిన్న రోజులు చాలా ఉన్నాయి.

మా ఇంట్లో పుస్తకాలు ఆరో ఏడో ఉండేవి. అన్నింటికీ ఒకే రకం అట్ట. గనిలో రాయిని పేల్చే మందు వచ్చే పెట్టెల్లో మైనం పూసిన పసుపుపచ్చ కాగితం పరిచి ఉంటుంది. మేము దాన్ని మందు కాగితం అనేవాళ్ళం. ఇంటికి తేకూడదు. అయినా లైన్లలో అది లేని ఇల్లు లేదు. వానకు రేకులు కారినా, గాలికి తెల్లటి గని దిబ్బల దుమ్ము ఇల్లంతా పరుచుకున్నా, ఆ అట్ట వేసిన పుస్తకానికి ఏమీ అయ్యేది కాదు. దాని వాసనకు తల నొస్తుందని అమ్మ సణిగేది. నిజంగానే నొప్పి వచ్చేది. అట్టలు వేసే పని అక్కది. ఇస్త్రీ చేసినట్టు మడతలు పెట్టేది. ఒకటే చిక్కు, మైనం మీద కలం రాయదు, పెన్సిలు పట్టదు. అందుకని ఏ పుస్తకం మీదా పేరు ఉండేది కాదు. బైబిలు, జపాల పుస్తకం, అక్క బడి పుస్తకాలు, తోటమాలి మామ ఏదో దొరల బంగళా నుంచి తెచ్చిచ్చిన ఇంగ్లీషు తోటపని పుస్తకం, అన్నీ అక్కచెల్లెళ్ళలా ఒక్క మాదిరి ఉండేవి. అక్క మాత్రం చూడకుండానే చేత్తో తడిమి ఏది ఏదో చెప్పేసేది.

ఆ ఏడు వాటికి ఇంకో లావుపాటి పుస్తకం తోడైంది. నాయన మేట్ పరీక్షకు కడతానన్నాడు. గనిలో మేట్ అంటే ఒక గుంపు పనివాళ్ళను చూసుకునే చిన్న పెద్దమనిషి. దుంగలు మోసే పని తప్పుతుంది, దుమ్ములో ఉండే గంటలు కాస్త తగ్గుతాయి. నాయన పైఅధికారి ఒకాయన తన పాత పరీక్ష పుస్తకం ఇచ్చాడు. అక్క దానికీ మందు కాగితం అట్టే వేసింది. అంతా ఇంగ్లీషు. నాయనకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషులో అక్షరాలు మాత్రం గుర్తుపట్టేవాడు. అక్క అప్పటికి కాన్వెంటులో ఎనిమిదో తరగతి. రోజూ టీ తాగాక ఇద్దరూ వసారాలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. అక్క ఒక్కో వాక్యం చదివి అర్థం చెబుతుంటే, దుంగల మీద గుర్తులు పెట్టే బల్లపరుపు పెన్సిలుతో నాయన పేజీ అంచున తెలుగులో రాసుకునేవాడు. వెలుతురు తగ్గి అక్షరాలు అలుక్కుపోయేదాకా అదే పని.

"రూఫ్ అంటే కప్పు. ఇంగ సపోర్ట్ అంటే ఏంది తల్లీ?"

"దాపు నాయనా. నువ్వు దినమూ నిలబెట్టే దుంగలే."

"ఓరి, నేను చేసే పనికి ఇంత పేరు ఉండాదా!"

నేను గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ ఇదంతా చూసేదాన్ని. ఈర్ష్యగా ఉండేదని ఒప్పుకోవాలి. నాయన తక్కువ మాట్లాడే మనిషి. ఆయన మాటలన్నీ ఆ గంటలోనే, అక్కకే ఖర్చయిపోయేవి. నాకు ఎనిమిదేళ్ళు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఎ, బి, సి, డి.

మాత పండగంటే లైన్లలో కులం మతం లేకుండా అందరూ కొవ్వొత్తులు కొనేవాళ్ళు. జెండా ఎక్కించిన రోజు నుంచి తేరు తిరిగే రోజు దాకా ఇళ్ళలో పొయ్యి సరిగా వెలిగేది కాదు, అందరూ చర్చి మైదానంలోనే. అక్కడ బడి వసారాలో పాత పుస్తకాల బల్ల పెట్టేవాళ్ళు. పెద్దవాళ్ళు కొనుక్కోవచ్చు. పిల్లలకు మాత్రం వేరే పద్ధతి, ఇంట్లో నుంచి ఒక పాత పుస్తకం తెచ్చి ఇస్తే, బల్ల మీద నుంచి నచ్చిన పుస్తకం ఒకటి తీసుకోవచ్చు. బొమ్మల పుస్తకాలు నాలుగో అయిదో ఉంటాయి, ముందు వెళ్ళినవాళ్ళకే దక్కుతాయి. నేను అమ్మను పీడిస్తే, ఆమె పొయ్యి ఊదుతూ, "ట్రంకు మీద ఆ తోటపని బుక్కు ఉండాది కదా, ఎవురికి పనికొస్తాది అది, తీసుకోని పో," అంది. ట్రంకు మీద లావుపాటివి రెండు ఉన్నాయి. తెరిచి చూస్తే తెలిసేది. తెరవలేదు. ఒకటి చంకలో పెట్టుకుని పరుగు తీశాను.

బల్ల దగ్గర ఉన్న టీచరమ్మ నా పుస్తకం తీసుకుని, "సరే, నీకు కావాల్సింది తీసుకో," అంది. సముద్రం అడుగున చేపలు, నాచు, పగడాలు ఉన్న రంగుల పుస్తకం ఒకటి చూసి గట్టిగా పట్టుకున్నాను. అంత నీలం రంగు నేను అంతవరకూ చూడలేదు. మా ఊళ్ళో నీళ్ళంటే కుళాయి నీళ్ళే. అదే సమయానికి టీచరమ్మ, కొనేవాళ్ళకు పేరు కనబడాలి కదా అని, నేనిచ్చిన పుస్తకం మందు కాగితాన్ని విప్పింది. పేజీలు రెపరెపలాడాయి. అంచుల నిండా లావుపాటి పెన్సిలు రాత. "అయ్యో, ఎవరు గీకినారు దీన్నంతా?" అంది. అది నాయన రాత. ఇది మా నాయనది టీచరమ్మా అని ఒక్క మాట అంటే చాలు. అంటే చేపల పుస్తకం వెనక్కి పెట్టేయాలి. ఇంటికి వెళ్ళి తోటపని పుస్తకం తెచ్చేసరికి అది ఇంకెవరి చేతుల్లోనో ఉంటుంది. నేను ఆలోచిస్తూ నిలబడ్డాను. ఇంతలో బంగారుపేట నుంచి వచ్చిన ఒకాయన ఆ పుస్తకం అందుకుని తిరగేసి, "అబ్బ, తెలుగులో అర్థాలన్నీ రాసిపెట్టిండారే!" అని సంబరపడుతూ కొనుక్కుని వెళ్ళిపోయాడు. జనంలో కలిసేదాకా ఆయన వీపు చూస్తూనే ఉన్నాను. పిలవలేదు.

మర్నాడు టీ తాగి నాయన వసారాలో కూర్చున్నాడు. అక్క ట్రంకు మీద చెయ్యి పెట్టింది, మళ్ళీ తడిమింది. అప్పటికే తోటపని పుస్తకం అక్కడ లేదు. పొద్దునే దాన్ని నా సంచిలో వేసుకెళ్ళి బడి బీరువాలో పాత పుస్తకాల మధ్య దూర్చేశాను. పొరపాటున చేసింది ఒక్కటే. ఇది మాత్రం తెలిసే చేశాను. "నువ్వు ఏ బుక్కు ఇచ్చింటివే?" అని అమ్మ అడిగితే, "తోటపనిది," అన్నాను. ఇంకేముంది, నేరం అక్క మీద పడింది. మొన్న కుళాయి దగ్గరికి తీసుకెళ్ళావు కదా అని అమ్మ, స్నేహితురాలికి చూపించడానికి బడికి తీసుకెళ్ళావేమోనని పక్కింటామె. అక్క అవును కాదు అని చెప్పలేక, ఇల్లంతా వెతికి, కుళాయి దగ్గర వెతికి, తేరు తిరిగిన దారంతా వెతికి వచ్చి ఏడ్చింది. నాయన తిట్టలేదు. "పోనీలే," అన్నాడు. ఆ మరుసటి రోజు టీ గ్లాసు తీసుకుని వసారాలో కూర్చోకుండా లైను చివర మగవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఆ తరువాత రోజూ అంతే.

పుస్తకం లేకుండానే పరీక్షకు వెళ్ళి తప్పాడు. రెండోసారి కట్టలేదు. గనిలో పని మానేదాకా దుంగలే మోశాడు. చివరి రోజుల్లో ఊపిరి ఆడక, దిండు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అక్కే నర్సులా దగ్గరుండి చూసుకుంది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు నాయన అక్క తల నిమిరి, నవ్వుతూ, "ఇది మంచి పిల్లే, పుస్తకం పోగొట్టింది గాని," అన్నాడు. అక్క కూడా నవ్వింది. నేను మంచినీళ్ళ కోసం వెళ్ళినట్టు లేచి బయటికి వెళ్ళాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు. ఆ నెలలోనే నాయన పోయాడు.

ఇప్పుడు కెజిఎఫ్‌లో గని కూత లేదు. పొద్దున కూతకు లేచిన ఊరు ఇప్పుడు బెంగుళూరు రైలుకు లేస్తుంది. పండగలో గాలితో ఉబ్బించిన రబ్బరు కోట మీద పిల్లలు గెంతుతుంటారు, కొవ్వొత్తికి కూడా ఫోను చూపించి డబ్బు కడతారు. పాత పుస్తకాలు మాత్రం ఆ బడి వసారాలోనే పెడుతున్నారు. బొమ్మల పుస్తకాలు తగ్గిపోయాయి. బల్ల నిండా రైల్వే పరీక్షలు, బ్యాంకు పరీక్షలు, పోలీసు పరీక్షల గైడ్లు. గీతలు లేని కొత్తదాని కంటే ఎవరో చదివి గుర్తులు పెట్టిన పాతదే కావాలని పిల్లలు ఏరుకుంటున్నారు. పోటీ పడి చదివే ఆ ముఖాలు చూస్తే బాగుంది అనిపించింది, కాస్త దిగులుగానూ అనిపించింది. మా కాలంలో ఇల్లంతా కలిసి ఒక్క పుస్తకం చదివేది. వీళ్ళు ఒక్కొక్కరే ఇన్ని చదవాలి.

అక్క తిండి ముగించుకుని వచ్చి నా పక్కన నిలబడి, ఒక గైడు తీసి పేజీలు తిప్పింది. అంచుల నిండా పెన్సిలుతో కన్నడం.

"ఇది చూడే. నాయన బుక్కు మాదిరే ఉండాది," అంది. మళ్ళీ, బల్ల మీదే చూపు పెట్టి, "యాడ పారేసుకుంటినో ఇప్పటికీ తెలీలేదే. కుళాయి కాడ పెడితినా, బడిలో మరిస్తినా... ఒక్కోసారి కల్లో కూడా ఎతుకుతా ఉంటా," అంది.

"నువ్వు పారేసుకోలేదక్కా," అన్నాను.

అక్కడే, జనం మా భుజాలు తోసుకుంటూ పోతుండగా, అంతా చెప్పేశాను. ట్రంకు, చేపల పుస్తకం, బంగారుపేట ఆయన, బడి బీరువా. అక్క గైడును బల్ల మీద పెట్టి, మిగతావాటితో అంచు కలిసేలా సర్దింది. బడి మెట్ల మీదకు వెళ్ళి కూర్చుంది. నేను వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాను.

"ఎనిమిదేండ్ల పిల్లకి అంత తెలివి యాడ నుంచి వచ్చినాదే?" అని అడిగింది. నవ్వు లేదు.

"నాయన పరీక్ష నా వల్లే పోయింది," అన్నాను.

"పరీక్ష పోతే పోనీ. బుక్కు ఉన్నా పాసయ్యుంటాడో లేదో. నాయన నా పక్కన కూచునేది మానేసినాడే. తిట్టలా, కొట్టలా, సుమ్నె, ఊరికే మానేసినాడు. నువ్వు ఒక్క మాట చెప్పింటే, బుక్కు లేకపోయినా, మర్నాడు మళ్ళీ వచ్చి కూచోనుండును." చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఆయన సచ్చేదాకా అట్లే అనుకోని పోయినాడు. అప్పుడైనా చెప్పకపోతివే."

"తప్పే అక్కా. నన్ను క్షమించు."

"ఇప్పుడు ఆ మాట అడగొద్దు."

తేరు కదలకముందే లేచి స్టేషనుకు వచ్చేశాం. రైల్లో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. అక్క ఉడికిన శనక్కాయల పొట్లం విప్పి, నాకు పెట్టకుండా, కిటికీలోంచి చూస్తూ ఒక్కతే తింది. ఆమె నాకు పెట్టకుండా తినడం నా ఎరుకలో అదే మొదటిసారి. అరవై ఆరేళ్ళ దాన్ని, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఫోను పక్కన పెట్టి నీళ్ళ సీసా ఇచ్చింది.

బంగారుపేటలో దిగి అక్క బస్సుకు పోతుందనుకున్నాను. పోలేదు. బెంచీలో కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

"అచ్చుకు ఇచ్చే దాంట్లో ఇదంతా రాసినావా?"

"రాసినాను. నీకు చెప్పకుండా ఇవ్వకూడదని ఆపినాను."

"ఎట్ల రాసినావు? మా అక్క అనా?"

"అవును."

"మా అక్క అంటే ఎవురికి తెలుస్తాది? పేరు పెట్టి రాయి. లైన్లలో ఉండినోళ్ళు చానామంది ఇంగా ఉండారు, వాళ్ళ పిల్లోళ్ళు ఉండారు. అందురికీ నేనే పోగొట్టినానని తెలుసు. పెన్ను తియ్యి, నేను చెప్తా."

సంచిలో కాగితం దొరకలేదు. టికెట్టు వెనక, చోటు చాలక నా చేతి రుమాలు మీద కూడా రాశాను. ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి, ఆసుపత్రిలో కొత్త నర్సుకు చెప్పినట్టు చెప్పింది. మళ్ళీ చదవమంది. ఒక చోట దిద్దించింది. తరువాత లేచి, కొంగు సర్దుకుని, కోలారు బస్సు వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ పండగకు వస్తానని గానీ, రానని గానీ అనలేదు. ఆమె చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను.

"గనిలో దుంగల పని చేసిన దావీదు పెద్దకూతురు సుగుణ ఆ బుక్కు పోగొట్టలా. దాని చెల్లెలు ఎత్తుకోనిపోయి ఇచ్చేసి, చెప్పకుండా ఉండిపోయింది. సుగుణ ఏ బుక్కూ పోగొట్టే పిల్ల కాదు. నాయనా, నేను పోగొట్టలా."